అత్తమ్మ విస్తరి

గారెలకు పప్పు రుబ్బుతూనే షుగర్ గోలీ మింగేశాను. పెత్రమాస నాడు చనిపోయిన పెద్దలకు విస్తర్లు పెట్టేదాకా ఇంట్లో ఎవరూ ఎంగిలిపడకూడదు. గోలీ తిండి కాదు కదా, తప్పేముందనుకున్నాను. బెల్లంపల్లి నుంచి మా మరిది లక్ష్మణ్ వస్తే గానీ పెద్దలకు పెట్టరు. అతనికి బస్సు దొరకలేదట. ఎండ నడినెత్తికొచ్చింది.

అతను వచ్చాక విస్తర్లలో వడ్డిస్తుంటే నా చేతులు వణికాయి. చెమటకు జాకెట్టంతా తడిసిపోయింది. చెబుదామంటే, "పని తప్పించుకునే యేషాలు" అని ఆడబిడ్డ రాజవ్వ నిరుడు అన్న మాట గుర్తొచ్చింది. ఆ తర్వాత నాకు తెలిసిందొకటే. చనిపోయిన అత్తమ్మకు పెట్టిన విస్తరి ముందు కూలబడి, పరమాన్నం రెండు చేతులా తింటున్నాను.

"పెద్దలకంటె ముందే తింటున్నవా? జర సిగ్గన్న లేదా?" అంది రాజవ్వ.

"అందరి ముంగట ఇజ్జత్ తీసినవ్ గదనే" అన్నాడు నా భర్త కొండల్.

మూతికంటిన మెతుకులు తుడుచుకోవడానికి కూడా చేయి లేవలేదు. అంత సిగ్గు నేను పుట్టి ఎరగను.

మర్నాడు దవాఖానలో డాక్టర్ మమతారాణి అంతా విని అంది: "గీ గోలీ కడుపుల ఇన్సులిన్ ఊరేటట్టు చేస్తదమ్మా. నువ్వు తిన్నవా లేదా అని అది చూడదు. తినకపోతె షుగర్ మొత్తం పడిపోయి పానం మీదికొస్తది. గోలీ ఏసుకున్నవంటె ఎంటనే తినాలె. రోజూ ఎప్పుడు తింటవ్?"

కొండల్ మరమగ్గాల షెడ్డు నుంచి వచ్చి తిన్నాక, పిల్లలు తిన్నాక, నేను మగ్గాలకు నూలు కండెలు చుట్టడం అయ్యాక. ఈ ఇంట్లో నా ఆకలికి ఒక వేళంటూ లేదని చెప్పుకోవడానికి నిన్నటికంటే ఎక్కువ సిగ్గేసింది.

"ఆ గోలీనే బందువెట్టు, పరేషాన్ పోతది" అన్నాడు కొండల్ బయటికొచ్చాక. ముందు నువ్వు తిను అన్న మాట మాత్రం ఆయన నోట రాలేదు. ఇంటికి పోయేదాకా అత్తమ్మే మనసులో మెదిలింది. బతికున్నన్నాళ్లూ అందరూ లేచాక గిన్నె అడుగు గీక్కుని తినేది. మొదటి విస్తరి ఆమెకు దక్కింది చచ్చిపోయాకే.

తెల్లారి గోలీ మింగి, వేడన్నం కంచంలో పెట్టుకుని కూర్చున్నాను. సిగ్గు ఇంకా పోలేదు. అయినా మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. కొండల్ గడపలోనే ఆగిపోయాడు.

"నాకు పెట్టకముందే తింటున్నవా?"

"అవు. బతికుండంగనే తింటున్న."