సిగ్నల్ పడింది

చెన్నరాయప్ప పెళ్లిచూపులకు వెళ్లి రైలు తప్పిపోయిన సంగతి బెంగళూరు కాటన్‌పేటలో తెలియనివాళ్లు లేరు. తెలియకుండా ఉండడానికి ఆయన భార్య ఛాయాదేవి అవకాశమిస్తే కదా! ఎవరింట్లో శుభకార్యం జరిగినా, నలుగురు ఆడవాళ్లు ఒక చాప మీద చేరారంటే చాలు, ఆమె మొదలుపెట్టేస్తుంది.

"మా నాయన స్టేషన్ కేబిన్లో సిగ్నల్ మీటలు లాగేవాడు. ఈయన, మా అత్త, మా మామ నన్ను చూసి తిరిగి పోతా ఉండారు. 'సిగ్నల్ పడింది' అని నేనే చెప్పినా. బండి వచ్చింది, రెండు నిముషాలు నిలబడింది, పోయింది. ఈ మహానుభావుడు అడుగు కదపలేదు! మా అత్త కిటికీలోనుంచి చెయ్యి ఊపి అరుస్తానే ఉండాది. నా కోసం రైలే వదులుకున్న మనిషిని కాక ఇంకెవుర్ని చేసుకుంటాను, చెప్పండి?"

ఈ కథ మొదలైనప్పుడల్లా చెన్నరాయప్ప తల దించుకుని నేల చూపులు చూసేవాడు. పాపం సిగ్గనుకునేవాళ్లు అందరూ. సిగ్గూ కాదు, చింతకాయా కాదు, భయం. ఎందుకంటే ఆయన రైలును వదులుకోనే లేదు. ఆ వచ్చిన రైలు తనది కాదనుకున్నాడు, అంతే.

ఆయన పుట్టి పెరిగింది బెంగళూరులో. ఇక్కడ రోడ్డు మీద 'సిగ్నల్ పడింది' అంటే ఎర్రదీపం పడిందని, బండి ఆపుకోమని. ఆ పిల్ల ఆ మాట అనగానే పాతికేళ్ల చెన్నరాయప్ప తన లెక్క తాను వేసుకున్నాడు. మన బండికి సిగ్నల్ పడిందంటే దాన్ని ఎక్కడో ఊరి బయటే నిలబెట్టేశారు, ఇంకేం, కావలసినంత తీరిక. కేబిన్ వెనక కనకాంబరాల మడి దగ్గర నిలబడి ఏం చదివావు, బెంగళూరు ఎప్పుడైనా చూశావా అని అడుగుతుండగానే ఏదో బండి వచ్చి ఆగింది. ఎదురు బండి అయ్యుంటుందిలే అనుకున్నాడు. అది మళ్లీ కదిలి తమ ముందు నుంచి పోతుంటే కిటికీలో అమ్మ ముఖం కనబడింది. నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. సిగ్నల్ పడ్డాక బండి ఎలా వచ్చిందో ఆ రోజూ అంతుపట్టలేదు, ఈ ముప్పై అయిదేళ్లలోనూ అంతుపట్టలేదు. భార్యను అడుగుదామా అంటే, అడిగిన మరుక్షణం పరువు గంగలో కలుస్తుంది.

ఆ పరువు ఆయనకు ప్రాణంతో సమానం. చిక్కపేటలో బందులూ మేకులూ అమ్ముకునే మనిషి. చూపులకు అంతంతమాత్రం, మాటకారీ కాదు. ఛాయాదేవి తనను ఇంత మురిపెంగా చూసుకుంటోందంటే అదంతా ఆ ఒక్క పూట చలవేనని ఆయన గట్టి నమ్మకం.

అలాంటివాడు వేరే ఏదైనా ముచ్చట చూసుకోవచ్చు కదా! లేదు. పెళ్లిరోజుకు ఆ స్టేషన్నే బొమ్మగా కట్టి భార్యకు చూపించాలని పట్టుబట్టాడు. లైను వెడల్పు చేసినప్పుడు ఆ స్టేషన్ ఎత్తేశారు. రెండేళ్ల కిందట ఛాయాదేవి చూసొద్దామంటే తీసుకెళ్లాడు. కేబిన్ లేదు, ప్లాట్‌ఫారం లేదు, తుమ్మచెట్లు మాత్రం ఉన్నాయి. దారి పొడుగునా మాట్లాడే మనిషి తిరుగు ప్రయాణంలో ఒక్క మాట మాట్లాడలేదు. ఆ మౌనం చెన్నరాయప్ప గుండెలో ముల్లులా ఉండిపోయింది.

కొట్టు పైన మేడగదికి తాళం వేసి, స్టాకు పెరిగిందని ఇంట్లో అబద్ధమాడి పని మొదలుపెట్టాడు. తోడు గిరిధర్ దొరికాడు. బొమ్మసంద్రలో రేకులు కోసే ఫ్యాక్టరీలో ఇంజినీరు. బొమ్మ రైళ్ల పిచ్చి ఉన్నవాడు. సన్న స్క్రూల కోసం కొట్టుకు వచ్చి, మేడ మీద సంగతి విని, ఇక ఆదివారాలు ఇక్కడే తేలేవాడు. పట్టాలు, వేపచెట్టు, నీళ్ల కొళాయి, రంగు వేసిన రంపపు పొట్టుతో కనకాంబరాల మడి, అన్నీ కుదిరాయి. చిక్కంతా సిగ్నళ్ల దగ్గర వచ్చింది.

"అన్నా, స్తంభానికి చెయ్యిలాగా రేకు ఉండే ఆ కాలం సిగ్నళ్లలో రెండు టైపులు ఉండేవి" అన్నాడు గిరిధర్. "రెండిట్లోనూ చెయ్యి అడ్డంగా ఉంటే ఆగమనే. బండిని రమ్మనాలంటే ఒక టైపులో చెయ్యి కిందికి వాలుతుంది, ఇంకోదాంట్లో పైకి లేస్తుంది. మీ స్టేషన్లో ఏ టైపు?"

"ఆ పొద్దు నేను పిల్లను చూస్తినా, సిగ్నల్ని చూస్తినా? ఏమప్పా నువ్వు!"

"అయితే వదినను అడగండి."

"అడిగితే ఇంక సర్‌ప్రైజు ఏముంటాది?"

చెన్నరాయప్ప గడ్డం గోక్కుంటూ చాలాసేపు ఆలోచించాడు. తర్వాత ఆయన ముఖం వెలిగింది. "సిగ్నల్ పడిందని ఛాయా తన నోటితోనే చెప్పింది కదప్పా. పడితే బండి నిలబడాల. పడితే నిలబడాలంటే, లేస్తే రావాల. కాబట్టి పైకి లేచేదే!"

"లాజిక్ కరెక్టే అన్నా" అన్నాడు గిరిధర్. రోజూ సిల్క్ బోర్డు కూడలి దగ్గర పడిన సిగ్నల్లో నిలబడి నిలబడి కాళ్లు పీకేవాడికి అనుమానం ఎందుకొస్తుంది?

నాలుగు సిగ్నళ్లకు మూడు నెలలు పట్టింది. స్తంభాలకు సైకిలు చక్రం పుల్లలు కోశారు. చేతులను గిరిధర్ ఇత్తడి రేకులో కోయించుకొచ్చాడు. ఎరుపు వేసి, దాని మీద తెల్ల పట్టీ గీయడానికి చెన్నరాయప్ప ఊపిరి బిగబట్టాల్సి వచ్చేది. తుమ్ము వచ్చి రెండు పాడయ్యాయి. దీపాల అద్దాలకు ఎర్ర గాజు ముక్కలూ పచ్చ గాజు ముక్కలూ సానరాయి మీద అరగదీశాడు. చేయి పైకి లేచాక సగంలో ఇరుక్కుని కిందికి రానని మొండికేస్తే కొబ్బరినూనె పూశాడు. దుమ్ము పట్టి మరింత బిగుసుకుంది. చివరికి కుట్టుమిషను నూనెకు లొంగింది. బల్ల కింద మీట లాగితే చెయ్యి నిదానంగా లేవడం, వదిలితే టక్కున పడడం చూసి ఆ పెద్దమనిషి పసిపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

పెళ్లిరోజు ఆదివారం వచ్చింది. కొట్లు మూసి ఉండడంతో చిక్కపేట వీధి ఖాళీగా ఉంది. ఛాయాదేవి మోకాళ్లు పట్టుకుని, "స్టాకు చూపించేదానికి నన్నెందుకు ఇంత ఎత్తుకు లాక్కొస్తారు?" అని గొణుగుతూ మెట్లెక్కింది. చెన్నరాయప్ప బల్ల మీది దుప్పటి తీశాడు.

ఆమె గొణుగుడు ఆగిపోయింది. బల్ల చుట్టూ ఒకసారి తిరిగింది. "మా నాయన కేబిన్!" అంది. "మా కొళాయి! కనకాంబరాలు కూడా పెట్టినారే!" కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. చెన్నరాయప్పకు జన్మ తరించినట్టయింది. ఆయన అక్కడితో ఆగుంటే సరిపోయేది. మూడు నెలల కష్టం చూపించకపోతే ఎలా?

"ఏడ్చింది చాలుగానీ, ఇప్పుడు చూడు." మీట లాగాడు. సిగ్నల్ చెయ్యి ఠీవిగా లేచింది. బొమ్మ రైలు వచ్చి ప్లాట్‌ఫారం దగ్గర ఆగింది. మీట వదిలాడు, చెయ్యి టక్కున పడింది. "సిగ్నల్ పడింది!" అని ప్రకటించాడు. "ఇంక ఏ బండీ రాదు."

ఛాయాదేవి కళ్లు తుడుచుకుంది. "ఏమంటిరి?"

"సిగ్నల్ పడింది కదా, ఇంక బండి రాదు అంటా ఉండా."

"సిగ్నల్ పడితే బండి రాకపోవడమేంది? మా స్టేషన్లో చెయ్యి కిందికి వాలితేనే బండి వస్తాది. పడింది అంటే బండి వచ్చేస్తా ఉండాది, పోయి ఎక్కండి అని!"

"ఓహో, అట్లనా!" అనేశాడు చెన్నరాయప్ప.

ముప్పై అయిదేళ్ల చిక్కుముడి విడిపోయిన సంతోషంలో నోరు జారింది. నాలుక కరుచుకున్నాడుగానీ అప్పటికే ఆలస్యమైపోయింది. ఛాయాదేవి సిగ్నల్ వంక చూసింది, తర్వాత మొగుడి వంక చూసింది.

"అయితే ఆ పొద్దు మీరు..."

తప్పు గిరిధర్ మీదికి నెట్టేద్దామని ఒక్క క్షణం అనిపించింది. సిగ్నళ్లను వాడే తప్పుగా బిగించాడంటే ఆమె నమ్మేస్తుంది కూడా. కానీ ఆమె కళ్లల్లో ఇంకా తడి ఆరలేదు. ఆ కళ్లు చూస్తూ అబద్ధం నోటికి రాలేదు.

"నీ కోసం వదల్లేదు ఛాయా" అన్నాడు. "బండిని దూరంగా నిలబెట్టినారనుకున్నా. వచ్చింది వేరే బండి అనుకున్నా. తెలిసింటే పరిగెత్తి ఎక్కేసుందును. ఇన్నేండ్లు నువ్వు నలుగురిలో చెప్పుకుంటా ఉంటే, కాదని చెప్పేదానికి నాకు ధైర్యం చాల్లేదు."

ఛాయాదేవి స్టూలు లాక్కుని కూర్చుని, కొంగుతో ముఖం కప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఇంత చేసి చివరికి ఆమె దగ్గరున్న ఆ ఒక్క పూటనూ లాక్కున్నానే అనుకున్నాడు చెన్నరాయప్ప.

కొంగు తీసేసరికి ఆమె నవ్వుతోంది. నవ్వుతూనే ఏడుస్తోంది.

"ఆ పొద్దు చెయ్యి ఎప్పుడు పడిందో తెలుసా మీకు? మీరు పూలమడి దగ్గరికి రాకముందే పడింది. మా నాయన నా కండ్ల ముందరే మీట లాగినాడు."

"మరి చెప్పలేదే?"

"ఎట్లా చెప్పేది? అంతకుముందు నన్ను చూసిపోయినోళ్లు ముగ్గురు. ముగ్గురికీ నేనే పరిగెత్తిపోయి చెప్పినా, సిగ్నల్ పడిందండీ అని. ముగ్గురూ టైముకు బండెక్కి, జాబు రాస్తామని చెయ్యూపి పోయినారు. ఒక జాబూ రాలేదు." ఆమె తల వంచుకుని కొంగు చివర మెలిపెట్టింది. "మీరు నచ్చినారు. ఇంజను పొగ కనబడేదాకా నోరు మూసుకుని నిలబడినా. ఇంక చెప్పకపోతే బాగుండదని చెప్పినా, అదీ చిన్నగా."

చెన్నరాయప్ప ఇన్నేళ్లూ తనది కాని మురిపాన్ని దొంగతనంగా అనుభవిస్తున్నానని కుమిలిపోయాడు. తీరా చూస్తే అది రైలు రాకముందే తనదయింది. ఆమె చెయ్యి పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"చాల్లెండి" అంది ఆమె కాసేపటికి, చెయ్యి మాత్రం వదిలించుకోకుండా. "స్క్రూడ్రైవరు తీసుకుని ఆ సిగ్నల్ చేతుల్ని కిందికి వాలేటట్టు మార్చండి. మా నాయన చూస్తే తిడతాడు."