మూడో గుడి దాకా

"ఎవరి నీళ్ళ సీసా వాళ్ళు పట్టుకుంటే ఏం పోతుంది?" అని నేననడం అది మూడోసారి.

"రేపు కొండెక్కేటప్పుడు బరువెందుకే? ఎలాగూ నువ్వు మూడో గుడి దగ్గర కూర్చుంటావుగా," అన్నారు మా ఆయన, బూట్ల దుమ్ము దులుపుతూ.

"వదిన ఉంటే సంచులు బీరువాలో పెట్టి తాళం వేసినట్టే," నవ్వాడు మరిది.

"అమ్మకి ఆయాసం కదా," అంది కూతురు జాలిగా.

ఆ ఆయాసం వయసు పదకొండేళ్ళు. మా అమ్మాయి వయసే. అది కడుపులో ఉండగా, ఏడో నెలలో, మూడో గుడి మెట్ల మీద ఒక్కసారి ఆగి రొప్పాను. అంతే, అప్పట్నుంచి ఎప్పుడు కొండకి వెళ్ళినా నన్నూ సంచుల్నీ ఆ గుడి అరుగు మీద దించేసి వాళ్ళు పైకి పోతారు. నేను పనిచేసే ఆఫీసులో లిఫ్టు పెద్ద ఆఫీసర్లకే. ఫైళ్ళు మోస్తూ రోజుకి ఆరుసార్లు నాలుగంతస్తులు ఎక్కుతాను. డాబా మీదికి తడిబట్టల బకెట్టు మోస్తాను. అప్పుడు ఎవరికీ నా ఆయాసం గుర్తుకురాదు.

కొండ మీది ఐదు గుళ్ళలో మూడోది నాకు కంఠతా వచ్చు. గోడ మీద ఏనుగులు పదిహేడు, చివరిది సగమే చెక్కి వదిలేశారు. గుమ్మంలో ముక్కు విరిగిన ద్వారపాలకుడు. ఆయనదీ కాపలాయే, నాదీ కాపలాయే. నాలుగో గుడీ, ఐదో గుడీ మాత్రం నాకు ఫోన్లో ఫొటోలే. ఐదోదానికి కప్పు లేదట, గర్భగుడిలో నిలబడి తలెత్తితే ఆకాశమేనట. "ఎలా ఉంది?" అని ఆత్రంగా అడుగుతాను. నేనిచ్చిన నీళ్ళు గటగటా తాగి, "ఏముందే, రాళ్ళేగా," అంటారు మా ఆయన. ఆ రాళ్ళ కోసమే నా ప్రాణం కొట్టుకుంటోంది. ఒక్కోసారి ఫైళ్ళతో నాలుగో అంతస్తు చేరాక కిటికీలోంచి గాలి తగిలితే, కళ్ళు మూసుకుని తల పైకెత్తుతాను. తెరిస్తే ట్యూబులైటు.

"రేపు నేను ఐదో గుడి దాకా వస్తున్నాను," అన్నాను, సీసా మూత బిగిస్తూ.

ముగ్గురూ నావైపు చూశారు.

"మరి సంచులో?" అన్నారు మా ఆయన.

ఆయాసం సంగతి ఎవరూ అడగలేదు.

మూడు సీసాలు ముగ్గురి ముందూ పెట్టాను. నాలుగోది నా భుజాన తగిలించుకుని చూసుకున్నాను. పెద్ద బరువేం లేదు.

"బరువనిపించినవాళ్ళు మూడో గుడి దగ్గర కూర్చోండి. నేను పైన ఉంటాను."