కోటు విప్పి చెప్పిన మాట

పిట్టలదొర వేషానికి పోశం వాళ్ల బాపు రెండే కట్టుబాట్లు పెట్టి పోయాడు. ఖాకీ కోటు ఒంటి మీద ఉన్నంతసేపు నోట్లోంచి నిజం రాకూడదు. కోటు విప్పాక అబద్ధం రాకూడదు. మొదటిది తప్పితే జనం నవ్వరు, రెండోది తప్పితే జనం నమ్మరు అనేవాడు. నవ్వకపోతే ఒక పూట పస్తు ఉంటాం, నమ్మకపోతే ఊరే ఉండదు అనేవాడు. పోశం నలభై ఏళ్లుగా ఆ రెండూ తప్పలేదు.

వేషమంటే పెద్ద సరంజామా ఏం కాదు. ఎవరో ఇచ్చిన పాత ఖాకీ కోటు, దాని మీద పతకాల్లాగా కుట్టుకున్న సోడా మూతలు, ఒక పక్క అంచు ఊడిన టోపీ, భుజాన కట్టె తుపాకి. చొప్పదండి చుట్టుపక్కల అంగడి ఎక్కడుంటే అక్కడికి పోయి, కూరగాయల కుప్పల నడుమ నిలబడి గప్పాలు కొట్టాలి. మానేరు ఇసుకలో ఓడ తిప్పుతాననాలి. మీ ఊరికి విమానాల స్టేషన్ నా అత్తగారి పొలంలోనే కట్టిస్తున్నాననాలి. జనం నవ్వి, నాలుగు వంకాయలో దోసెడు మిరపకాయలో జోలెలో వేస్తారు. అదే బతుకు.

ఆపద వచ్చింది యుద్ధం మొదలైన నాలుగో నాడు.

సరిహద్దు ఇక్కడికి ఎన్ని వందల కోసుల దూరమో పోశానికి తెలియదు. ఊరు మాత్రం టీవీల ముందే తెల్లవార్లూ కూర్చుంది. నర్మద నడిపే చాయ్ హోటల్లో టీవీ గొంతు రోడ్డు దాకా వినిపించేది. ఒకడు శత్రువు పట్నం కూలిందనేవాడు, ఇంకొకడు కూలలేదు, మన చేతికే వచ్చిందనేవాడు. తెల్లారేసరికి రెండూ కాదని తేలేది. తేలిన సంగతి మాత్రం ఎవరూ పైకి అనేవాళ్లు కాదు.

ఆ మంగళవారం ఊరి అంగడిలో పోశం ఎప్పటిలాగే కోటు తొడుక్కుని నిలబడ్డాడు.

"రాత్రి టీవీల సారు శత్రువు పట్నం పట్టుకున్నడు. పొద్దుగాల నేను పోయి జూస్తె పట్నం లేదు. ఏడికి పోయిందని అడిగితే, సారు దాన్ని అంగీ జేబుల వెట్టుకొని తానానికి పోయిండట. నలభై ఏండ్ల సంది నేను అబద్ధాలు జెప్పి బతుకుతున్న. గా సారు వచ్చి నా నౌకరి ఊడగొట్టిండు."

జనం పడిపడి నవ్వారు. మాజీ సర్పంచు రాంచందర్ అయితే కళ్లలో నీళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. గుంపు నడుమ ఒక ఫోను పైకి లేచి ఉండటం పోశం చూశాడు. చూసి టోపీ సర్దుకున్నాడు.

మరునాడు మధ్యాహ్నం నర్మద హోటల్ వదిలిపెట్టి గుడిసెల దగ్గరికి వచ్చింది. ఊరి చివర బుడగ జంగాలవి ఆరు గుడిసెలు, అందులో పోశానిది మొదటిది. ఆమె తన ఫోను తీసి చూపించింది. అందులో పోశం ఉన్నాడు. టీవీ సారు లేడు. ఆ మాటలన్నీ కోసేసి "పట్నం లేదు" అన్న ముక్క, సోడా మూతలు, కట్టె తుపాకి మాత్రం ఉంచారు. కింద ఏం రాశారో నర్మద చదివింది. సిపాయి వేషం వేసి సిపాయిలనే వెక్కిరిస్తున్నాడు, వీడెవడో పట్టుకోండి అని ఉంది. దాని కింద ఒకడు కాళ్లు విరగ్గొట్టాలన్నాడు. ఇంకొకడు సరిహద్దు దాటించాలన్నాడు. అందులో ఒకడి పెండ్లి బారాత్‌లో పోశం ఇదే కోటు మీద గంటసేపు నవ్వించాడు.

నర్మద పోతూ పోతూ, కొన్నాళ్లు హోటల్ దిక్కు రావద్దు మామా అని మెల్లగా చెప్పింది. ఆమె తప్పు లేదు. ఆమెకూ దుకాణం ఉంది.

 పోశానికి బాపు మాట యాదికి వచ్చింది. కోటు మీద ఉండగా నోట్లోంచి నిజం దొర్లింది. నౌకరి ఊడగొట్టాడన్న మాట అబద్ధం కాదు. దానికే ఇదంతా అనుకున్నాడు.

అతని పెండ్లాం శంకరవ్వ కోటును పొయ్యిలో పెడదామంది. పోశం వద్దన్నాడు. కాలిస్తే తప్పు ఒప్పుకున్నట్టు, ఉంచితే సాక్ష్యం చేతికిచ్చినట్టు. చివరికి గోనెసంచిలో చుట్టి కోళ్ల గంప కింద పెట్టారు. రోడ్డు మీద బైకు చప్పుడైనప్పుడల్లా ఇద్దరి చూపూ గంప మీదికే పోయేది. కోళ్లు కూడా ఆ గంప కిందికి పోవడానికి బెదిరాయి.

సాయంత్రం నిజంగానే బైకులు వచ్చాయి. ముందు కొండల్ దిగాడు. అతనికి ఎరువుల దుకాణం ఉంది. యుద్ధం మొదలైన నాటి నుంచి ఇంటింటికీ జెండా కట్టించే పని నెత్తిన వేసుకుని, కట్టని ఇళ్ల పేర్లు జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. వెనక నలుగురు పడుచువాళ్లు, వాళ్ల వెనక రాంచందర్. రాంచందర్ పోశం ముఖం చూడలేదు.

కొండల్ చెప్పింది ఇంతే. వచ్చే మంగళవారం, అదే అంగడిలో, అదే జనం ముందు పోశం మాఫీ అడగాలి. దాన్ని ఫోనులో పట్టి అందరికీ పంపుతారు. అడగకపోతే ఠాణాలో కేసు, ఆ తెల్లారే ఆరు గుడిసెలూ లేవాలి. పక్క ఊళ్లో పంక్చర్లు వేసేవాడు నోరు జారినందుకు దుకాణం మూసుకుని పెండ్లాం పిల్లలతో ఎటు పోయాడో ఇప్పటికీ తెలియదని కూడా చెప్పాడు.

పోశం అక్కడికక్కడే వంగి చేతులు జోడించాడు. "గిప్పుడే అడుగుత పటేలా. తప్పయింది."

"గిట్ల గాదు. కోటు తొడుగు. టోపీ, తుపాకి అన్నీ ఉండాలె. ఉత్త బనీను మీద నువ్వెవనివో ఎవనికెరుక?"

"కోటు మీద జెప్తే ఎవ్వలు నమ్మరు పటేలా. జర వేషం లేకుండ..."

"తప్పించుకుందామని సూస్తున్నవా?"

 పోశం చదువు రానివాడు కాబట్టి, ఏం చెప్పాలో కొండల్ కాగితం మీద రాసి తెస్తానన్నాడు. రాంచందర్ పక్కన నిలబడి ఒక్కో ముక్క అందిస్తాడు. వెళ్లేటప్పుడు రాంచందర్ ఒక అడుగు వెనకబడి, ఒప్పుకో పోశం, నా మిద్దె మీద జెండా చిన్నగుందని నన్నే అడిగిండ్రు అని గొణిగి పోయాడు.

ఆరు రోజులు పోశం అంగడి ముఖం చూడలేదు. శంకరవ్వ తెచ్చిన గంజి తాగాడు. సోమవారం నాడు యుద్ధం ఆగిందని టీవీలోనే చెప్పారట. శంకరవ్వ ప్రాణం లేచి వచ్చి కొండల్ దుకాణానికి పోయింది. ఇక మాఫీ అవసరం లేదేమో అని అడిగింది. యుద్ధం ఆడ ఆగింది, ఈడ ఆగలే అన్నాడట కొండల్, యూరియా బస్తా మీద చెయ్యి వేసి.

మంగళవారం వచ్చింది. కోళ్ల గంప కింది నుంచి తీసిన కోటు మీద రెట్ట మరక ఉంది. శంకరవ్వ తడిగుడ్డతో తుడిచింది. ఎంత తుడిచినా పోలేదు.

అంగడికి అంత జనం ఎన్నడూ రాలేదు. గుడిసెలవాళ్లంతా చివర్లో ఒకరినొకరు ఆనుకుని నిలబడ్డారు. కొండల్ ఫోను ఎత్తి పట్టుకున్నాడు. రాంచందర్ కాగితం విప్పి చదివాడు. పోశం అన్నాడు.

"నేను తప్పు జేసిన."

ఎక్కడో ఒక ఆడమనిషి కిసుక్కుమంది.

"నాకు దేశమంటే పాణం."

నవ్వు పక్కవాళ్లకు అంటుకుంది. వాళ్ల తప్పు కాదు. నలభై ఏళ్లుగా ఆ కోటు మాట్లాడితే నవ్వడమే వాళ్లకు అలవాటు.  పోశం కోటు మీది సోడా మూతలు గలగలమన్నాయి.

"టీవీల జెప్పేదంత అచ్చంగ నిజం."

అంగడి అంగడంతా గొల్లుమంది. టమాటలమ్మే ముసలమ్మ తొడ చరుచుకుని, మళ్లొక్కపారి జెప్పు దొరా అంది. పోశం కళ్లలోంచి నీళ్లు కారాయి. ఎంత బాగ ఏడుస్తుండు అని ఇంకా నవ్వారు. ముసలమ్మ లేచి వచ్చి, ఎప్పటి అలవాటు కొద్దీ రెండు టమాటలు అతని జోలెలో వేసింది.

కొండల్ ముఖం నల్లబడింది. ఫోను దించాడు. పడుచువాళ్లు నలుగురూ దగ్గరికి జరిగారు. ఒకడు కట్టె తుపాకి గుంజుకున్నాడు.

"మా తోని ఆటలాడుతున్నవా?"

"లేదు పటేలా. నిజంగనే జెప్తున్న."

దానికీ నవ్వారు. నవ్వుతూనే, ఆ నలుగురి చేతులు చూసి ముందు వరసవాళ్లు వెనక్కి జరిగారు. పోశం గుడిసెలవాళ్ల వైపు చూశాడు. శంకరవ్వ చూపు అతని గుండీల మీద ఉంది. అతని చేతులు అప్పటికే అక్కడికి పోయాయని ఆమెకు తెలిసింది. వద్దన్నట్టు తల ఊపింది. ఊపి, పక్కనున్న గుడిసెలవాళ్లను చూసి ఆగిపోయింది.

పోశం టోపీ తీశాడు. గుండీలు ఒక్కొక్కటే విప్పాడు. కోటు మడిచి కింద పెట్టాడు. చిల్లుల బనీను మీద నిలబడ్డ మనిషి చాలా చిన్నగా ఉన్నాడు. నవ్వు ఆగిపోయింది. కోటు లేని పోశం అబద్ధమాడడని ఆ ఊళ్లో అందరికీ తెలుసు. పొలం గెట్ల పంచాయితీల్లో కూడా అతని సాక్ష్యం తీసుకునేవాళ్లు.

కొండల్ మళ్లీ ఫోను ఎత్తాడు. రాంచందర్ మొదటి నుంచి అందించాడు.

"నేను తప్పు జేసిన. టీవీల జెప్పేదంత నిజం."

ఎవరూ నవ్వలేదు.

"నేనన్న మాటలు మా బాపు నేర్పినవి గావు."

ఆ తర్వాతి ముక్క రాంచందర్ వెంటనే చదవలేకపోయాడు. కొండల్ మోచేత్తో పొడిచాడు. అప్పుడు చదివాడు. పోశం చూపు కింద మడిచి పెట్టిన కోటు మీదికి పోయింది. 

"దేశం గిట్టనోళ్లు నాకు నేర్పిండ్రు."

 ముసలమ్మ అతన్ని చూసి, అవునా అని తనలో తాను అనుకున్నట్టు అని, తన టమాటల వైపు చూపు తిప్పుకుంది. ఒకరి తర్వాత ఒకరు పక్కవాడి ముఖం చూడటం మొదలుపెట్టారు. పోయిన మంగళవారం ఎవడు నవ్వాడు, ఎవడు ఎక్కువ నవ్వాడు. మనిషికీ మనిషికీ నడుమ జానెడు జాగా పెరిగింది.

కొండల్ కాగితంలో లేని మాట అడిగాడు. ఆ కాగితం తనే రాశాడన్నది అప్పటికి అతనికీ యాది లేనట్టుంది. పోశం మాటను అతనూ నమ్మేశాడు.

"ఎవలు వాళ్లు?"

పోశం రాంచందర్ చేతిలోని కాగితం వైపు చూశాడు. 

"పేర్లు జెప్పు."

"యాది లేదు పటేలా."

"యాది జేసుకో. వచ్చే మంగళారం అడుగుత. అప్పటిదాక గుడిసెల జోలికి రాము."

బైకులు పోయాయి. జనం కూరగాయలు కొనకుండానే చెదిరిపోయారు. గుడిసెలవాళ్లు కూడా పోశం దగ్గరికి రాలేదు. శంకరవ్వ ఒక్కతే వచ్చి కోటు ఎత్తి దులిపి అతనికి అందించింది. అతను తొడుక్కోలేదు, చంకన పెట్టుకున్నాడు. జోలెలోంచి రెండు టమాటలు తీసి ముసలమ్మ కుప్పలో పెట్టాడు. ఆమె తల ఎత్తలేదు.

రోడ్డు మలుపులో రాంచందర్ నిలబడి ఉన్నాడు. అటూ ఇటూ చూసి దగ్గరికి వచ్చాడు. అతని చేతిలో కాగితం ఇంకా ఉంది, చెమటకు తడిసి మెత్తబడింది.

"పోశం. ఆనాడు అందరికంటె ఎక్కువ నవ్వింది నేనే. నా పేరు జెప్పకు."

"జెప్ప సర్పంచు సాబు."

రాంచందర్ ఆ మాటకు తల ఊపి రెండడుగులు వేశాడు. మళ్లీ ఆగి వెనక్కి తిరిగాడు. పోశం ఒంటి మీద కోటు ఉందా లేదా అని చూశాడు. లేదు. చిల్లుల బనీనే ఉంది. అయినా అతనికి ధైర్యం రాలేదు.

"ఒట్టెయ్యి" అన్నాడు.