పాత ఇనుముకి గడి లేదు

ఊళ్ళో ఆయన్ని అందరూ భూకంపం అనేవాళ్ళు. పాత భవనాలు పడగొట్టడం ఆయన పని. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. పొద్దున ఆయన మెషీను లోపలికి వెళ్ళిందంటే, ఎంత మేడైనా మూడో రోజు సాయంత్రానికల్లా చదునైన నేల తప్ప ఇంకేమీ మిగిలేది కాదు. పైకి విసుక్కున్నా, ఆ పేరంటే ఆయనకి లోలోపల గర్వమే. అలాంటి మనిషిని పట్టుకుని, ఒక గిడ్డంగిని ఇటుక ఇటుకగా విప్పమంది ఆయన మరదలు.

మరదలంటే భార్యకి స్వయానా చెల్లెలు. ఇంజనీరు. ప్రసూతి ఆసుపత్రికి కొత్త వార్డు కట్టే బాధ్యత ఆమె మీద ఉంది. పునాదులు అయ్యాయి, ఇక గోడలు లేపాలనుకునేసరికి ఎగువన వరదలొచ్చి రైలు వంతెన కొట్టుకుపోయింది. దాంతో ఇనుము ఆగిపోయింది, ఇటుక ఆగిపోయింది. దుకాణాల వాళ్ళు ముందు పదిహేను రోజులన్నారు, తర్వాత రెండు నెలలన్నారు, ఆ తర్వాత ఫోనెత్తడమే మానేశారు. ఊళ్ళో కడుతున్న ఇళ్ళన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయి, ఊచలు పైకి పొడుచుకుని ఉన్నాయి. కాన్పులు మాత్రం ఎవరి కోసమూ ఆగవు కదా. ఆసుపత్రిలో ఒక్కో మంచం మీద ఇద్దరు తల్లులు, వరండాలో చాపల మీద మరికొందరు.

సరిగ్గా అప్పుడే, ఆసుపత్రికి రెండు వీధుల అవతల ఉన్న పాత బట్టల గిడ్డంగిని పడగొట్టే పని భూకంపానికి వచ్చింది. మొదటి రోజు మూల గోడ కూల్చి, మెషీను చెయ్యి కప్పు మీద వేయించాడో లేదో, మరదలు స్కూటరు దిగి నేరుగా వచ్చి మెషీను ముందు నిలబడింది.

"ఆపించు బావా."

"పక్కకి తప్పుకో అమ్మాయ్, దుమ్ము."

"ఆ ఇనుప దూలాలు నాకు కావాలి. ఇరవై నాలుగున్నాయి. ఇటుకలు కూడా కావాలి. సున్నంతో కట్టిన గోడ కాబట్టి తడితే ఇటుక ఇటుకగా ఊడొస్తుంది. సిమెంటు గోడైతే నిన్ను అడిగేదాన్నే కాదు."

"దానికేం, పడగొట్టాక తుక్కంతా నీకే తోలిస్తాలే."

"తుక్కు నేనేం చేసుకుంటాను? కట్టినప్పుడు చివర పెట్టినది ముందు తియ్యాలి. బోల్టులు విప్పి, తాళ్ళు కట్టి, ఒక్కో దూలం మెల్లగా దించాలి."

"ఎన్ని రోజులు?"

"పాతిక."

భూకంపం మెషీను డ్రైవరు వంక చూశాడు. డ్రైవరు నవ్వు ఆపుకోలేక మొహం అటు తిప్పుకున్నాడు.

"గిడ్డంగి యజమానితో మాట్లాడాను, నెల గడువిచ్చాడు," అంది మరదలు. కాస్త ఆగి, "అక్కకి కూడా చెప్పాను," అంది.

ఆ రెండో మాటతో బేరం కుదిరిపోయిందని భూకంపానికి అర్థమైంది. అక్కాచెల్లెళ్ళు ఒకమాట మీదికి వచ్చాక ఆ ఇంట్లో ఆయన నోరు లేవడం ఎప్పుడూ జరగలేదు.

మర్నాటి నుంచి మొదలయ్యాయి ఆయన తిప్పలు. మెషీను వీధి చివర ఎండలో ఊరికే నిలబడింది. ఆయన మనుషులకి గునపంతో పొడవడం వచ్చు గాని విప్పడం రాదు. మొదటి బోల్టు దగ్గరే ముగ్గురు గంటన్నర కూర్చున్నారు. చివరికి మరదలు ఎక్కణ్ణుంచో ఒక ముసలి మేస్త్రీని పట్టుకొచ్చింది. ఆయనకి డెబ్బై దాటాయి. ప్రతి ఇటుకనీ చేతిలోకి తీసుకుని, తాపీతో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, ఖంగున మోగితే కుడి వైపు, బొంగురుగా పలికితే ఎడమ వైపు పెట్టేవాడు. తొందరపెడితే చెవి వినపడనట్టు ఊరుకునేవాడు. ఇటుక సంగీతం మాత్రం భేషుగ్గా వినపడుతుందే ఈయనకి అని భూకంపం పళ్ళు నూరుకునేవాడు.

దూలాలకి మరదలు తెల్ల రంగుతో అంకెలు వేసింది. ఏది ఎటు తిరిగి ఉందో, ఏ చివర ఎటు వైపో, అన్నీ పుస్తకంలో బొమ్మలు గీసుకుంది. దారిన పోయేవాళ్ళు ఆగి మరీ పలకరించేవాళ్ళు. "ఏమయ్యా భూకంపం, ఈమధ్య మరీ మెల్లగా కంపిస్తున్నావే" అన్నాడొకడు. ఇంటికొచ్చి ఆయన కోపంతో చిందులు తొక్కాడు. భార్య కంచంలో అన్నం పెట్టి, "దించడం అయిపోవచ్చిందటగా, చెల్లి చెప్పింది," అని మాత్రం అంది.

ఇరవై ఎనిమిది రోజులకి గిడ్డంగి మొత్తం విప్పి ఆసుపత్రి ఆవరణలో పేర్చారు. హమ్మయ్య, పీడ వదిలిందనుకున్నాడు భూకంపం. అసలు పీడ అప్పుడే మొదలైందని ఆయనకి తెలియదు.

భవనాల అనుమతుల ఆఫీసులో ఒక ఫారం ఉంది. అందులో ఇనుము గురించి రాసేచోట, తయారుచేసిన ఫ్యాక్టరీ ఇచ్చిన ధ్రువపత్రం జతచెయ్యాలని ఉంది. కొత్త ఇనుముకే గడి ఉంది, పాత ఇనుముకి గడి లేదు. మరదలు దూలాల చివర్లు కోయించి, ఆ ముక్కలు కాలేజీ ప్రయోగశాలకి పంపి, ఇనుము మేలైనదే అని కాగితం తెచ్చింది. అది వేరే కాగితం అన్నారు. కాళ్ళరిగేలా తిరిగి, పదకొండోసారి బావని వెంటబెట్టుకుని వెళ్ళింది, విప్పినవాడు స్వయంగా వస్తే వింటారేమోనని.

ఆఫీసరు సన్నగా, శుభ్రంగా, ఎప్పుడూ జలుబు చేసినట్టు ఉండే మనిషి. ఫైళ్ళ మధ్య నుంచి తలెత్తి, "ధ్రువపత్రం తెచ్చారా?" అన్నాడు.

"ఆ ఫ్యాక్టరీ మూతపడి నలభై ఏళ్ళయిందండీ," అంది మరదలు, పదకొండోసారి.

"అయితే, మూతపడినట్టు ఆ ఫ్యాక్టరీ నుంచి ఒక ఉత్తరం తీసుకురండి."

భూకంపం ఆ మాటని కాసేపు మనసులో తిప్పుకున్నాడు. ఎటు తిప్పినా దానికి తలా తోకా దొరకలేదు. నెలరోజులుగా మరదలి మీద పేరుకున్న కోపమంతా ఉన్నపళంగా దిక్కు మార్చుకుంది.

"సార్, మూసేసిన ఫ్యాక్టరీలో ఉత్తరం ఎవరు రాస్తారండీ?"

"అది నాకు సంబంధం లేదు."

"మరి కొత్త ఇనుము ఎప్పుడొస్తుందో మీరు రాసివ్వండి. అది పట్టుకెళ్ళి వరండాలో పడుకున్న తల్లులకి చూపిస్తాను. ఫలానా తారీఖు దాకా ఎవరూ కనకండమ్మా అని చెబుతాను."

పక్క బల్ల దగ్గర గుమాస్తా దగ్గి, కిందికి చూశాడు. ఆఫీసరుకి కోపం రాలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"చూడండి. ఆ కప్పు కింద పసిగుడ్లు పడుకుంటారు. అది కూలిన నాడు మీ మరదలు పేరు గాని, మీ పేరు గాని ఎవరూ అడగరు. నా సంతకం చూపిస్తారు. పాత ఇనుముతో నాకేం పగ లేదు. కొత్తదైతే ఎవరో ఒకరు పూచీ పడ్డారు. మీ దూలాల లోపల ఏముందో నాకెలా తెలుస్తుంది?"

అడిగినది న్యాయంగానే ఉంది. అందుకే భూకంపానికి మరింత ఒళ్ళు మండింది.

"మీ కళ్ళ ముందే బరువు పెట్టి చూపిస్తే?" అంది మరదలు.

"ఎన్ని దూలాలకి?"

"మీరు ఎన్నంటే అన్ని."

"ఇరవై నాలుగూ," అన్నాడు ఆఫీసరు.

అలా ఆసుపత్రి వెనక, బట్టలారేసే తీగల పక్కన, ఆ పరీక్ష మొదలైంది. రెండు గట్టి దిమ్మెలు, వాటి మీద దూలం, దూలం మీద పలకలు పరిచి పన్నెండు వందల ఇటుకలు. రేపు కప్పు మొయ్యాల్సిన బరువు కంటే అది ఎక్కువ. ఒక రోజంతా అలా ఉంచి, దూలం ఎంత వంగిందో కొలవాలి. ఇటుకలు దించాక మళ్ళీ యథాస్థానానికి వచ్చిందో లేదో చూడాలి. ఒకేసారి నాలుగు దూలాలకి ఏర్పాటు చేశారు. అంటే రోజూ దాదాపు అయిదు వేల ఇటుకలు ఎక్కించడం, మర్నాడు దించడం. దించినవే మళ్ళీ ఎక్కించడం. కూల్చడమంటే కిందికి పడెయ్యడం మాత్రమే తెలిసిన భూకంపం మనుషులకి తల ప్రాణం తోకకొచ్చింది. ఆఫీసరు రోజూ పదింటికి వచ్చి, సంచిలోంచి తన సొంత స్కేలు తీసి కొలిచేవాడు. వీళ్ళ స్కేలు ముట్టుకునేవాడు కాదు.

మూడు రోజులు ఏ దూలమూ చిటికెన వేలి మందం కూడా వంగలేదు. నాలుగో రోజు పదమూడో నంబరు దూలం ఎక్కించారు. ఇటుకలు ఇంకా సగం కూడా పేర్చలేదు, దూలం మెల్లగా ఒక పక్కకి ఒరిగింది. అందరూ వెనక్కి జరిగారు. పలకలు జారి, ఆరు వందల ఇటుకలు ఒకదాని మీద ఒకటి దొర్లుతూ కిందికి వచ్చాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. దుమ్ము అణిగాక ఆఫీసరు పుస్తకం తెరిచాడు. మరదలి మొహం పాలిపోయింది.

భూకంపం వంగి దూలం అడుగు భాగం చూశాడు. చెయ్యెడు పొడవున కొత్తగా గీసుకుపోయిన గాటు ఉంది. అక్కడ ఇనుము సన్నగా మెలి తిరిగి ఉంది. మొదటి రోజు మెషీను చెయ్యి పట్టి లాగింది ఈ దూలాన్నే. ఆ సంగతి ఆయనకీ డ్రైవరుకీ తప్ప ఎవరికీ తెలియదు. ఊరుకుంటే పాత ఇనుము నాసిరకం అనుకుంటారు. కథ ముగిసిపోతుంది, రేపటి నుంచి ఆయన తన పని తాను చేసుకోవచ్చు. ఆ ఆలోచన వచ్చిన మాట నిజం. కాని ఈ నెలంతా ఊడదీసిన ఇటుకల్లో సగం ఆయన తన చేత్తో సున్నం గీకి తుడిచినవే.

"దీన్ని పాడుచేసింది పాతదనం కాదండీ," అన్నాడు. "నేనే. మొదటి రోజు మెషీనుతో లాగాను. ఇదిగో గాటు."

"బావా, ఆ రోజే చెప్పి ఉండచ్చుగా?" అంది మరదలు.

"నువ్వు అడిగావా? వచ్చీ రాగానే ఆపు ఆపు అంటివి. చెప్పనిచ్చావా అసలు?"

ఆఫీసరు దూలం చుట్టూ తిరిగి, మోకాళ్ళ మీద కూర్చుని గాటు తడిమి చూశాడు. చాలాసేపు రాసుకున్నాడు. లేచి ప్యాంటు దులుపుకుంటూ, "మూడు రోజులుగా ఇటుకలు ఎక్కిస్తున్నారు, దించుతున్నారు, ఏదీ వంగదు. ఇదంతా నన్ను నమ్మించడానికి ఆడుతున్న నాటకమేమో అనుకున్నాను," అన్నాడు. "చెడ్డది ఉంటే బయటపడుతుందని ఇప్పుడు తెలిసింది. మిగతావి కానివ్వండి. అన్నీ నిలబడితే సంతకం పెడతాను. కాని ఇరవై నాలుగు కావాలన్నారు, ఇరవై మూడే ఉంటాయి. ఆ ఒక్కటి ఎక్కణ్ణుంచి తెస్తారు?"

ఆ పొడవు దూలం ఊరంతా వెతికినా దొరకదు. అప్పటికే క్యారియరు తీసుకుని వచ్చి, ఇటుకల కుప్ప పక్కన నిలబడి ఉన్న భూకంపం భార్య, "మన షెడ్డులో ఒకటుందిగా," అంది.

భూకంపం తల పట్టుకున్నాడు. మెషీను పెట్టుకునే షెడ్డులో అడ్డంగా ఒక ఇనుప దూలం ఉన్న మాట నిజమే. పని మొదలుపెట్టిన కొత్తలో ఎక్కడో పాత భవనం పడగొట్టి తెచ్చుకున్నది. దానికి గొలుసు కట్టి ఇంజన్లు పైకి లేపుతారు.

"అది వేరు," అన్నాడు.

"ఎలా వేరు? పాతికేళ్ళుగా ఇంజన్లు వేలాడదీస్తున్నారుగా దానికి. ఏ కాగితం చూసుకుని వేలాడదీశారు?"

"పొడవు చాలద్దూ?"

"రెండడుగులు ఎక్కువే ఉంది బావా, కోయించుకోవచ్చు," అంది మరదలు మెల్లగా. "మొన్న ఇంటికొచ్చినప్పుడు కొలిచాను. అడగడానికి ధైర్యం చాలక ఊరుకున్నాను."

భూకంపం ఇద్దరి వంకా చూశాడు. ఏదో అనబోయాడు. అని లాభం లేదని తెలిసి, క్యారియరు అందుకున్నాడు. "దానికీ పరీక్ష చెయ్యాలి," అన్నాడు ఆఫీసరు వెనక నుంచి. "మీ సొంతదైనా సరే."

షెడ్డు దూలం మిగతా అన్నిటికంటే తక్కువ వంగింది. సంతకం పడింది. వానలు ముంచుకొచ్చేలోగా వార్డుకి కప్పు వేశారు, మంచాలు లోపలికి చేరాయి. రైలు వంతెన బాగుపడి కొత్త ఇనుము రావడానికి మరో నాలుగు నెలలు పట్టింది. ఈలోగా పనులు ఆగిపోయిన వాళ్ళంతా ఒక్కొక్కరే భూకంపం గుమ్మం ఎక్కారు. పాత కిటికీలు ఉన్నాయా, పాత ఇటుక దొరుకుతుందా, ఫలానా ఇల్లు జాగ్రత్తగా విప్పి పెడతావా. మెషీను కంటే తాళ్ళకీ స్పానర్లకీ పని ఎక్కువైంది. ముసలి మేస్త్రీ జీతం పెంచమని కూర్చున్నాడు. ఆ మాట ఎదుటివాళ్ళు ఎంత మెల్లగా అన్నా ఆయనకి వినపడేది.

ఆఫీసరు ఊరికే ఉండలేదు. పాత సామాను కోసం కొత్త ఫారం తయారుచేసి పై ఆఫీసు చేత ఒప్పించాడు. ఇప్పుడు గడి ఉంది. ఒకటి కాదు, నాలుగు పేజీల నిండా గడులే. వస్తువు ఎక్కడిది, ఎవరు విప్పారు, ఎలా విప్పారు, లోపాలేమిటి. ఒక బడి కోసం విప్పిన పందొమ్మిది తలుపులకి పందొమ్మిది ఫారాలు నింపాలని కబురొచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం భూకంపం వరండాలో తలుపుల మధ్య పీట వేసుకుని కూర్చుని, తిట్టుకుంటూ నింపుతున్నాడు. "పడగొట్టి ఉంటే ఒక్క సంతకంతో పోయేది," అన్నాడు.

"పడగొట్టకపోయారా మరి?" అంది భార్య లోపలి నుంచి.

ఆయన పదకొండో ఫారంలో, లోపాలు అన్నచోట 'కింది మూల చెద, రెండు వేళ్ళ మేర, కోసేస్తే సరిపోతుంది' అని రాశాడు. పెన్ను పక్కన పెట్టి, లేచి వెళ్ళి, ఆ తలుపు మూలని వేలి కణుపుతో ఇంకోసారి తట్టి విన్నాడు. తిరిగొచ్చి కూర్చుని, విసుగ్గా 'రెండు' కొట్టేసి 'మూడు' అని రాశాడు.