ఎవరూ లేని గోల్

నేను ఒక తోలు బంతిని. ఆవు తోలు ముక్కలు కుట్టి, లోపల రబ్బరు తిత్తి పెట్టి నన్ను చేశారు. తడిస్తే ఇటుకంత బరువెక్కుతాను. నన్ను తన్నడానికే చేశారు కాబట్టి తన్నినందుకు నాకు బాధ లేదు. తన్నడం మానేసి వాదించుకుంటారే, దాంతోనే నాకు విసుగు.

స్పెయిన్‌లో రాజుగారి పేర కప్పు పెట్టిన తొలి రోజులవి. ఆ ఏడు వచ్చినవి మూడే జట్లు. రెండు మాడ్రిడ్‌వి. వాటిలో గెలిచినది, ఉత్తరాది రేవు పట్టణం నుంచి రైల్లో వచ్చిన మూడో జట్టుతో ఆడాలి. నేను మాడ్రిడ్ జట్లలో ఒకదాని సొత్తును. మా కెప్టెన్ ఫాబియాన్, గోల్‌కీపర్ ఉర్బానో.

మాడ్రిడ్ జట్ల ఆట వానలో సాగింది. మేము గెలవబోతుండగా ఉర్బానో చేతుల్లోంచి జారి గోల్లో పడ్డాను. ఆట సమమైంది, చీకటి పడింది. ఇంకాసేపు ఆడాలా, మళ్ళీ ఆడాలా అని అరిచి అరిచి, చివరికి "రేపు పొద్దున" అనుకుని వెళ్ళిపోయారు. ఎక్కడ అని ఒక్కరూ అడగలేదు. రెండు జట్లకీ చెరో మైదానం ఉంది మరి!

"చేతులకి ఆలివ్ నూనె రాసుకొచ్చావట్రా?" అన్నాడు ఫాబియాన్.

"సోమవారం పటాలంలో చేరాలి ఫాబియాన్. మళ్ళీ ఎప్పటికో! రేపటి ఆట ఒక్కటి ఆడనివ్వు, ఈ మచ్చతో పోలేను," అన్నాడు ఉర్బానో.

మర్నాడు మా మైదానంలో మేమే ఉన్నాం. అవతలివాళ్ళు వాళ్ళ మైదానంలో మాకోసం చూస్తూ కూర్చున్నారు. అప్పట్లో ఒక ఆచారం ఉండేది. ఎదుటి జట్టు రాకపోతే రిఫరీ ముందు బంతిని ఖాళీ గోల్లోకి తన్నాలి. అలా తన్నితే గెలిచినట్టే.

"ఒక్క తన్ను తన్ని భోజనానికి పోదాం," అన్నాడు ఫాబియాన్.

"వాళ్ళు వాళ్ళ మైదానంలో ఉంటారు. మనిషిని పంపి పిలుద్దాం," అన్నాడు ఉర్బానో.

"పిలిచి మళ్ళీ నీ చేతుల్లోంచి గోల్ పడనివ్వమంటావా? పక్కకి తప్పుకో."

రిఫరీ ఇలారియో ఈల వేశాడు. ఎదురుగా పురుగు కూడా లేదు. అయినా ఫాబియాన్ ఎవరినో తప్పించుకుంటున్నట్టు వంకర్లు తిరుగుతూ పరిగెత్తాడు. నాకు సిగ్గేసింది. చివర్లో గట్టిగా తన్నాడు. గోల్లోకి దూసుకుపోతుండగా ఉర్బానో అడ్డంగా దూకి నన్ను పొట్టకి హత్తుకున్నాడు.

"గోల్ పడలేదు," అన్నాడు ఇలారియో.

"వాడు మావాడేనయ్యా!"

"మీవాడే కావచ్చు, పట్టుకున్నాడు కదా!"

"ముందు వాళ్ళని పిలవండి, అప్పుడిస్తాను బంతి," అంటూ ఉర్బానో నేల మీంచి లేవలేదు.

చివరికి మనిషిని పంపారు. అప్పటికే అవతలి జట్టు విసిగిపోయి పోటీ నడిపే కమిటీకి ఫిర్యాదు చేయడానికి వెళ్ళిపోయింది. కమిటీ పెద్దలు కాఫీలు తాగుతూ మధ్యాహ్నమంతా ఆలోచించి, ఇద్దరూ ఆడలేదు కాబట్టి కప్పు మూడో జట్టుకే అని తేల్చారు. ఆ జట్టు హోటల్లో భోంచేస్తోంది.

"మీరు గెలిచారు," అని కబురు చెప్పారు.

"ఎవరి మీద?" అన్నాడొకడు, చెంచా పట్టుకునే.

కప్పుతోపాటు జ్ఞాపకంగా నన్నూ అడిగారు. ఇప్పుడు వాళ్ళ క్లబ్బులో అద్దాల బీరువాలో ఉన్నాను. కింద "విజయం తెచ్చిన బంతి" అని రాసి పెట్టారు. చూడవచ్చినవాళ్ళు టోపీలు తీస్తారు. ఈ జట్టులో ఒక్కడి కాలైనా నాకు తగల్లేదు.

నన్ను అప్పగించాల్సిన రోజున ఉర్బానో నాకు మళ్ళీ గాలి నింపి, నా నోరు కట్టే తోలు తాడు బిగించి ముడేశాడు.

"వాళ్ళయినా ఆడతారులే," అన్నాడు.

ఆ గాలి ఎప్పుడో పోయింది. ముడి మాత్రం ఇంతవరకూ ఎవరూ విప్పలేదు.