తిరిగిరాని రోగి

గ్రీష్మాంతమున సింగరాయదుర్గ పరిసరములయందు ప్రచండమార్తాండుని కిరణజ్వాలలు ఎంతటివై యుండెననగా కొండచరియల పొదలు చిగురింపకమునుపే వాడిపోయెననియు బావులలోని కప్పలు గట్టెక్కి దారినబోవువారి గొడుగుల క్రింద నీడకై నడచుచుండెననియు చెప్పినచో మీరు నవ్వుదురు గాక. నేనసత్యమాడువాడను గాను. ఈ సీమయందు ఒక్క యక్షరమైనను కల్పింపక కథ చెప్పగలవాడను నేనొక్కడనే యని మా వీధిబడి పంతులుగారు పలుమారు సెలవిచ్చియున్నారు. వారు కీర్తిశేషులగుటచే సాక్ష్యమునకు రాజాలరు.

అట్టి యొక మధ్యాహ్నమున దుర్గాధీశుని వైద్యశాలామండపమునందు ముగ్గురు వైద్యులు కూర్చుండియుండిరి. సకలకంఠరోగనిదానకోవిదులును హిమధవళకేశులును నగు పరాంకుశాచార్యులు నడుమను శస్త్రకర్మకుశలుడగు హకీము మొహియుద్దీను కుడివైపునను లేపనౌషధములయందారితేరిన యువకుడు సోమలింగము ఎడమవైపునను ఉండిరి. వారి యెదుట చాపమీద చెంగల్రాయుడను సన్నాయివిద్వాంసుడు దవుడక్రింద మొలచిన గ్రంథిని అంగవస్త్రముతో కప్పుకొని తలవంచియుండెను. ఆ గ్రంథి తాటికాయంత యుండెను. కాదు, మీరట్లు చూడకుడు, నిమ్మకాయంత యుండెను. అయినను ఊపిరి బిగబట్టి రాగమెత్తినప్పుడెల్ల నది గట్టిపడి వాని గొంతును నులుముచుండెను. వాని భార్య నాంచారమ్మ స్తంభమునకానుకొని వైద్యుల ముఖములను మార్చిమార్చి చూచుచుండెను.

ఆ సభయందు పిన్నవాడు ముందు పలుకవలెననియు పెద్దవాని మాట తుదినే వెలువడవలెననియు నాచారము. పెద్దలు ముందు పలికినచో పిన్నల బుద్ధి నిద్రపోవునని పూర్వులు తలచిరి.

కావున సోమలింగము గొంతు సవరించుకొని యిట్లనెను. "మన గ్రంథములయందిట్టి వాపు నాకు కనబడలేదు. అయినను భయము లేదు. మునుపు ఎద్దులబేరగాడు ఓబులేశునకిట్టిదే పుట్టగా మన ఆచార్యులవారు లేపము పట్టించి కుదిర్చిరి. ఆ లేపమునే పట్టింతము."

హకీము గడ్డము నిమురుకొనెను. "కోయుట నాకు తెలియును. కోయునప్పుడు చెక్కిలి నరమేది తెగునో తెలియదు. ఇట్టిదానిని నేను కోసియుండలేదు. కోసినవాని పేరును వినలేదు. ఓబులేశు లేపముతో కుదిరినాడు గనుక నేనును లేపమే యందును."

చెంగల్రాయుని ముఖము వికసించెను. నాంచారమ్మ చేతులు జోడించెను. పరాంకుశాచార్యులు మాత్రము బహుకాలము మోసిన బరువును దింపుటకు చోటు వెదకువానివలె కనులు మూసికొని యుండి మెల్లగా తెరచిరి.

"సోమలింగమా, ఓబులేశు కుదిరినాడని నీతో నెవరనిరి?"

"లోకమంతయు ననును. తమరెన్నడును కాదనలేదు గదా."

"కాదనలేదు. వాడు లేపము పట్టించుకొని ఎద్దులను తోలుకొని యేరు దాటిపోయెను. మరల రాలేదు. మన వైద్యశాలలో తిరిగిరాని రోగి కుదిరినవాడని లెక్క. చచ్చినవాడును తిరిగిరాడు నాయనా."

హకీము నవ్వబోయి మానుకొనెను. "అట్లయిన ఆచార్యులవారూ, నేను కుదిర్చినవారిలో సగము మందిని గోరీలలో వెదకవలెను."

"తెలియదని చెప్పుటకేనా అయ్యా మమ్మింత యెండలో నడిపించితిరి?" అని నాంచారమ్మ యడిగెను.

"అందుకే తల్లీ. ఆ మాట చెప్పుటకు నాకు ముసలితనము రావలసివచ్చెను."

చెంగల్రాయుడు చేతులు మోడ్చి "స్వామీ, కత్తి మాత్రము వద్దు. చెక్కిలి చెడిన సన్నాయి యెట్లు పలుకును? సన్నాయి లేని బ్రతుకు నాకేల?" అనెను.

"నాకు కావలయును. నిన్ను కట్టుకొన్నది నేను. సన్నాయి గాదు" అని నాంచారమ్మ వానివంక చూడకయే పలికెను.

అంతట ఆచార్యులు తమ యుత్తరీయపుటంచునుండి పొడవైన దారమును లాగి చెంగల్రాయుని మెడచుట్టును గ్రంథిమీదుగా కొలిచి ముడివైచి త్రెంచి నాంచారమ్మ చేతికిచ్చిరి. "లేపము చాలనిచో కోయవచ్చును. కోసినది తప్పైనచో అతికింపజాలము. కావున ముందు లేపము. అది కుదుర్చునని గాదు, మరలివచ్చుటకు త్రోవ యుండునని. ప్రతి యమావాస్యకును కొలువుము. దారము చాలనినాడు వానిని హకీముగారి కడకు తీసికొని రావలెను. చాలినను రావలెను. కుదిరినను రావలెను. వాడే లేకపోయిననాడు నీవు వచ్చి చెప్పవలెను. మా కూలి యదియే" అనిరి. ఆ కడపటి మాట పలుకునప్పుడు వారామె కనులవంక చూడలేకపోయిరి.

వానలు వచ్చెను. ఏరు పొంగెను. కొలిచిన ప్రతిసారియు దారము బొటాబొటిగా చాలుచుండెను. చెంగల్రాయుడు తాను సన్నాయి యూదవలసిన యుత్సవము గడచువరకైనను ముడి సడలింపుమని బ్రతిమాలగా నాంచారమ్మ దారమును రవికలో దాచుకొని తిరిగెను. శరత్కాలమున నొకనాడది చాలకపోయెను. ఏడ్చుచు వానిని నడిపించుకొని వచ్చెను. హకీము కోసెను. పెద్ద జ్వరము వచ్చెను. జ్వరము పోయెను. మనిషి మిగిలెను. ఎడమచెక్కిలి మాత్రము గాలినిల్పుట మరచెను. నాటినుండి సన్నాయి వాని తమ్ముడూదుచుండ వాడు వెనుక కూర్చుండి చేతితో శ్రుతిపెట్టె నొత్తుచుండెను.

"ముందే కోసియుండిన చెక్కిలి దక్కెడిదా?" అని సోమలింగమొకనాడాచార్యులనడిగెను.

"తెలియదు."

"కోయకయే యుండిన?"

"అదియు తెలియదు. ఇకమీద నిట్టి వాపుతో వచ్చువానికి ఒక్కని సంగతి యైనను నిజముగా చెప్పగలము. నాకీ నాటికింతే యోపిక" అని ఆచార్యులు గోడకు చేరగిలబడిరి.

మాట తప్పక చెంగల్రాయుడు ప్రతి యమావాస్యకును వచ్చి మండపమున శ్రుతి పట్టుచుండెను. అట్టి యొకనాడు ఏటివైపునుండి గంటల చప్పుడు వినబడెను. ధూళి నడుమ ఎద్దులను తోలుకొనుచు నొక వృద్ధుడు వచ్చి మెడమీది కండువ తొలగించి వాపు జాడయు లేని కంఠమును చూపి "ఆచార్యులవారూ, ఓబులేశును. ఆలస్యమైనది, మన్నింపుడు" అనెను. ఆచార్యులు వాని మెడను తడిమి తడిమి చూచి బిడ్డవలె నేడ్చిరి.

కప్పల సంగతి మీరెట్లును నమ్మియుండరు. తక్కినదంతయు జరిగినదే. ఓబులేశు తిరిగివచ్చుట మాత్రము నేను కల్పించినది. వాడు రాలేదు. ఏటి యావల వాడేమయ్యెనో యెవ్వరు నెరుగరు. ఇంత దూరము వచ్చిన కథలో వాడు కుదిరియుండిన బాగుండునని నాకు తోచెను. ఆ వైద్యశాలలో వానిని కుదిరినవాడని మొదట ననినవానికిని అట్లే తోచియుండును.

అయితే చెంగల్రాయుని శ్రుతి మ్రోగుచున్నంతసేపును ముసలివైద్యులు ఏటిదారివంక చూచుచుండెడివారనుట కల్పన గాదు.