వాలిన తల

“ఆరువేల నాలుగొందలు! అసిరమ్మకే!”

సోములు కేకకు అసిరమ్మ ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. ఎదురుగా ఇసుక మీద చేపల కుప్ప. పక్కన తోటి బేరగత్తె గురమ్మ మోచేత్తో పొడుస్తోంది.

“ఏటే, నాలుగువేలు సెయ్యని సరుక్కి తలూపినావు?”

ఆ రేవు వేలంపాటలో కొనేవాళ్ళు నోరు విప్పరు. సోములు ధర పిలుస్తాడు, కావాలన్నవాళ్ళు తలూపుతారు. ఊపిన తల ఇచ్చిన మాటతో సమానం. తాతల నాటి కట్టుబాటు అది. అసిరమ్మ తలూపలేదు, నిద్రకు తల వాలింది. కానీ వాలిన తలకూ ఊపిన తలకూ తేడా చూసే ఓపిక తెల్లారగట్ల ఎవరికుంటుంది?

“తాగొచ్చినాదేమో!” అన్నారెవరో. అందరూ నవ్వారు. సోములు మాత్రం నవ్వలేదు.

“సాయంత్రం పెద్దల ముందుకి రా. తాగి పాటలో కూకున్న ఆడది ఏడాది రేవులో కొనకూడదు.”

కిందటి నెల శివాజీ అనే బేరగాడు పీకలదాకా తాగొచ్చి రెట్టింపు ధరకు తలూపితే ఇదే సోములు ఆ పాట రద్దు చేసి, వాడి వీపు తట్టి ఇంటికి పంపాడు. మగాడి మత్తు వేడుక, ఆడదాని మత్తు అపచారం. న్యాయం ఎంత ముచ్చటగా ఉందో చూడండి!

అసిరమ్మ ఏనాడూ చుక్క ముట్టిన మనిషి కాదు. ఇరవై ఏళ్ళుగా ఈ రేవులో కొని, తట్ట నెత్తిన పెట్టుకుని శ్రీకూర్మం వీధుల్లో అమ్ముకుంటోంది. ఆమె మింగింది మాత్ర. అదీ మొగుడు లక్ష్ముడి మాత్ర.

వానాకాలంలో బోటు తిరగబడి ఇద్దరు పోయారు. బతికి బయటపడ్డ లక్ష్ముడికి ఆ రోజు నుంచి కన్ను మూతపడలేదు. శ్రీకాకుళంలో ఓ డాక్టరు మాత్రలు రాశాడు. అసిరమ్మకూ నెలసరి ఆగినప్పటి నుంచి ఒళ్ళంతా ఆవిర్లు, నిద్ర లేదు. “నువ్వలా దొర్లతంటే నాకు మెలకువొచ్చేస్తంది” అని లక్ష్ముడు విసుక్కుని, పది రోజుల కిందట తన అట్టలోంచే రోజుకో మాత్ర ఇవ్వడం మొదలుపెట్టాడు. ఒకే కంచంలో తినేవాళ్ళకు వేరే మందేమిటని అతని లెక్క. అతను నాలుగింటికే చురుగ్గా లేచి బోటెక్కుతున్నాడు. ఆమెకు మాత్రం పొద్దెక్కేదాకా కాళ్ళు తడబడుతున్నాయి. వయసు మీద పడిందనుకుంది పిచ్చిది.

చేపలన్నీ నష్టానికి తెగనమ్మి తిరిగొచ్చాక, మాత్ర మీద అనుమానమొచ్చి, ఇంట్లో ఉన్న అట్ట పట్టుకుని ఊళ్ళో నర్సమ్మ ఉష దగ్గరికి వెళ్ళింది. ఉష అట్ట తిప్పి చూసి తల పట్టుకుంది.

“ఇది నీకు రాసింది కాదు కదమ్మా? ఆడోళ్ళ ఒంట్లోంచి ఈ మందు తొందరగా పోదు. తెల్లారినా మత్తు మిగిలే ఉంటాది. అందుకే మగోళ్ళకిచ్చే దాంట్లో సగంతోనే మనకి మొదలెడతారు.”

“నిద్దరక్కూడా ఆడా మగా ఉంటాదేటమ్మా?”

“ఉంటాది. నిద్దర్లో మెదడు నడిచే తీరులోనే తేడాలుంటాయంట. కానీ సేన్నాళ్ళు మందులన్నీ ఎక్కువగా మగోళ్ళ మీదే సూసీవోరు. మన సంగతి ఎనకాల తెలిసినాది.”

ఎనకాల! ఆ మాట అసిరమ్మ గుండెల్లో ముల్లులా దిగింది.

ఇంటి ముందు లక్ష్ముడు వల బాగుచేసుకుంటున్నాడు. జరిగిందంతా చెప్పి, “సాయంత్రం పెద్దలకి ఇదే సెప్తాను మావా” అంది.

అతని చెయ్యి ఆగిపోయింది.

“నీకు మతిపోయిందేటే? మాత్రలు మింగితేగానీ నిద్దరోనేడని తెలిస్తే బోటు సావుకారు నన్ను ఎక్కనిస్తాడా? సముద్రానికి జడిసినోడని కుర్రోళ్ళు నవ్వరా?”

“మరి నా సంగతేటి?”

“తాగినానని ఒప్పీసుకో. ఏడాదెంతలో తిరుగుద్ది!”

అసిరమ్మ మాత్రల అట్టను కొంగున ముడేసుకుంది. అతని భయం ఆమెకు తెలుసు. నిద్రలో అతను చేతులు కొట్టుకుంటుంటే గుండెకు హత్తుకున్నది తనే. ఆ జాలి ఇంకా పోలేదు. దాని పక్కనే ఇప్పుడు అసహ్యం పుట్టింది.

సాయంత్రం రేవులో పెద్దలు కూర్చున్నారు. లక్ష్ముడు వెనక వరసలో తల దించుకుని నిలబడ్డాడు.

“మాటలొద్దు. తాగినానని ఒక్కసారి తలూపు. ఏడాదితో ఒగ్గేస్తాం” అన్నాడు సోములు.

అసిరమ్మ కళ్ళు పూర్తిగా తెరిచి ఉన్నాయి. తల ఊపింది, అడ్డంగా. చూడనట్టు ఎవరూ నటించడానికి వీల్లేకుండా నెమ్మదిగా, రెండుసార్లు ఊపింది. కొంగుముడి విప్పి మాత్రల అట్ట తీసి సోములు ముందు ఇసుకలో పెట్టింది.

“నాను తాగనేదు బావా. ఇది మింగినాను.”

సోములు అట్ట తిప్పి చూశాడు. “నిద్దర మాత్రలేటే? ఎవరికి రాసినవివి?”

“అది సెప్పాల్సినోరు ఇక్కడే ఉన్నారు.”

లక్ష్ముడి వైపు ఆమె చూడలేదు. తట్ట చంకన పెట్టుకుని వెళ్ళి, ఇరవై ఏళ్ళుగా పాటకు కూర్చునే చోటే కూర్చుంది.